నక్కవుల్లి దుంపల్లో క్రోమోజోములు లెక్కపెట్టిన నా అనుభవం

మనిషికి 46, వరికి 24, ఉల్లికి 16. పుస్తకాల్లో జాతి పేరు పక్కన క్రోమోజోముల సంఖ్య ఇలా ఒక్కటే ఉంటుంది కాబట్టి, ఒక జాతికి ఒకే సంఖ్య అని మన బుర్రలో ముద్ర పడిపోతుంది. ఎమ్మెస్సీ దాకా నేనూ అలాగే చదువుకున్నాను. పీహెచ్‌డీలో సార్ నాకు నక్కవుల్లి ఇచ్చినప్పుడు పాత పేపర్లు తిరగేస్తే, ఈ ఒక్క మొక్క పేరు కింద 20, 30, 40 అని మూడు సంఖ్యలు కనిపించాయి. ఎవరో లెక్క తప్పారనుకోవడానికి లేదు. ఈ మొక్క క్రోమోజోముల మీద మన దక్షిణాదిలో 1940 నాటికే రాఘవన్, వెంకటసుబ్బన్ పని చేశారు. తర్వాత కలకత్తాలో ఝా, సేన్ మరింత లోతుగా చూశారు. మూడు సంఖ్యలూ నిజమే. ఏ సంఖ్య ఎక్కడ ఉంది, పక్కపక్క గుంపుల్లో ఏం జరుగుతోంది, దానివల్ల మొక్క బతుకులో ఏం మారుతోంది అన్నదే నా పని.

నక్కవుల్లిని మీరు చూసే ఉంటారు. వానలు పడ్డాక రాతిగుట్టల వాలుల్లో, బీళ్లలో, సముద్రతీరం ఇసుకలో చదునుగా, పొడవుగా ఆకులు గుత్తిగా లేస్తాయి. తవ్వితే తెల్లటి దుంప వస్తుంది. కొన్ని ఊళ్లలో అడవి తెల్లగడ్డ అంటారు. ఆయుర్వేదం వాళ్లకి వనపలాండు. సామర్లకోటలో తోట పెట్టి మన కోస్తా మొక్కలెన్నిటికో బొమ్మలు గీయించిన విలియం రాక్స్‌బరో దీనికి సిల్లా ఇండికా అని పేరు పెట్టాడు. ఆ వర్ణన ఆయన పోయాక 1832లో అచ్చయింది. తర్వాత అర్జీనియా ఇండికా అయింది. 1977 నుంచి డ్రిమియా ఇండికా. ఇంటర్నెట్‌లో వెతికేవాళ్లు మూడు పేర్లతోనూ వెతకాలి, లేకపోతే సగం సమాచారం దొరకదు.

దీన్ని సేకరించడంలో ఒక చిక్కుంది. పువ్వు ఉన్నప్పుడు ఆకు ఉండదు, ఆకు ఉన్నప్పుడు పువ్వు ఉండదు. వేసవిలో, నేలంతా ఎండి పగుళ్లు పట్టి ఉన్న రోజుల్లో, ఒక్క ఆకైనా లేకుండా సన్నటి కాడ నేలలోంచి నిలువుగా లేస్తుంది. దాని మీద దూరదూరంగా మట్టిరంగు కలిసిన చిన్న పూలు వేలాడుతుంటాయి. పదడుగుల దూరం నుంచి చూస్తే ఎండిన గడ్డిపరకకీ దానికీ తేడా తెలియదు. ఇక వానల్లో ఆకులు చూసి తవ్వుదామంటే ఇలాంటి దుంప మొక్కలు ఇంకొన్ని అక్కడే ఉంటాయి. అందుకని వేసవిలో పూలు చూసి జీపీఎస్‌లో గుర్తు పెట్టుకుని, పక్క రాయికి కొంచెం పెయింట్ వేసి, వానలు పడ్డాక మళ్లీ వెళ్లేదాన్ని.

జీపీఎస్ కన్నా ఎక్కువగా నాకు దారి చూపించింది మేకలు కాసేవాళ్లు. ఒక గుట్ట మీద ఒక పెద్దాయన్ని అడిగాను, "తాతా, ఈ ఆకు మీ మేకలు తింటాయా?" అని. "ఎక్కడమ్మా, మూతి పెట్టి చూసి పోతాయి. ఆ దుంప చేత్తో పట్టుకోకు, జిల పుడతాది" అన్నాడు. ఆయన చెప్పిన మాట అక్షరాలా నిజం. దుంప పొరల్లో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు సూదుల కట్టల్లా ఉంటాయి. పొర కోసిన చేతికి అవి గుచ్చుకుని గంటల తరబడి దురద. లోపల గుండె మీద పనిచేసే పదార్థాలు, ప్రోసిల్లారిడిన్, సిల్లారెన్ లాంటివి ఉంటాయి. మోతాదు మించితే అవే విషం. దీని అన్న వరస మొక్క ఒకటి మధ్యధరా తీరంలో ఉంది, స్క్విల్ అంటారు. దాంట్లో ఎర్ర రకాన్ని ఎలుకల మందుగా వాడేవారు. కాబట్టి ఎవరైనా ఇంటి వైద్యం పేరుతో ఈ దుంప నోట్లో పెట్టుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఏ ఊరి గుట్ట, ఏ తీరం అన్నది ఇక్కడ రాయడం లేదు. కావాలనే. మందుల కోసం ఈ దుంపల్ని గోతాలకెత్తి పట్టుకుపోతున్నారు, నేను గుర్తు పెట్టుకున్న చోటే మరుసటి ఏడాదికి గుంతలు తప్ప ఏమీ మిగలని సందర్భం చూశాను. రిజర్వ్ ఫారెస్టులో అయితే అటవీ శాఖ అనుమతి లేకుండా ఒక్క దుంపా ముట్టలేదు. మిగతా చోట్ల కూడా గుంపులోంచి కొన్నే తీసుకునేదాన్ని, అవి కూడా దూరదూరంగా ఉన్నవి. ఇది దయతోనే కాదు, లెక్కకీ అవసరం. దగ్గరదగ్గరగా ఉన్నవన్నీ ఒకే తల్లి దుంప పిలకలు కావచ్చు. అలాంటివి పది తీసి లెక్కపెట్టినా, చూసింది ఒక్క మొక్కనే అవుతుంది.

తెచ్చిన దుంపల్ని ఇసుక ఎక్కువ కలిపిన మట్టిలో కుండీల్లో పెట్టాం. ప్రతి కుండీకి ప్లాస్టిక్ చీటీ, దాని మీద పెన్సిల్‌తో గుంపు పేరు, దుంప నంబరు. పెన్ను వద్దు, పెన్సిలే. రెండు వానలకి సిరా పోతుంది, చీటీ పోయిన దుంప ఇక దేనికీ పనికిరాదు. ప్రతి గుంపు నుంచి పూలతో ఒకటి, ఆకులతో ఒకటి ఎండబెట్టి హెర్బేరియం షీట్లు చేసి పెట్టాం. రేపు ఎవరికైనా నా గుర్తింపు మీద అనుమానం వస్తే చూసుకోవడానికి.

ఇక అసలు పని. క్రోమోజోములు అన్ని వేళలా కనిపించవు. కణం రెండుగా చీలే ముందు మాత్రమే అవి చుట్టుకుని పొట్టిగా, లావుగా తయారవుతాయి. అలా చీలే కణాలు ఎక్కువగా దొరికేది వేరు కొనలో, చివరి ఒకట్రెండు మిల్లీమీటర్లలో. నీళ్లు పోసిన కొన్నాళ్లకి దుంప అడుగు నుంచి తెల్లటి లావు వేళ్లు వస్తాయి. కొత్తగా, గట్టిగా, కొన మెరుస్తూ ఉన్న వేరు పనికొస్తుంది. గోధుమరంగు తిరిగింది పనికిరాదు. పొద్దున ఏ వేళకి కోస్తే ఎక్కువ కణాలు విభజనలో ఉంటాయో ప్రతి మొక్కకీ వేరు. మాకు ఎండ ఎక్కక ముందు, పొద్దున్నే కోసినవే బాగా వచ్చాయి. అందుకే సెలవు రోజుల్లో కూడా పొద్దున్నే కుండీలు పెట్టిన నెట్‌హౌస్‌లో (వల కప్పిన షెడ్డులో) ఉండేదాన్ని.

కోసిన కొనల్ని 8-హైడ్రాక్సీక్వినోలిన్ ద్రావణంలో వేసి, చల్లగా మూడు నాలుగు గంటలు ఉంచాలి. ఇది క్రోమోజోముల్ని రెండు వైపులకీ లాగే దారాల్ని కట్టకుండా చేస్తుంది. దాంతో కణం మధ్యలోనే ఆగిపోతుంది, క్రోమోజోములు విడివిడిగా పరుచుకుంటాయి. కొందరు దీనికి కొల్చిసిన్ వాడతారు. ఆ కొల్చిసిన్ మన అడవుల్లో పూసే అగ్నిశిఖ దుంపలో, గింజల్లో కూడా ఉంటుంది. ఆ కొల్చిసిన్‌తోనే మొక్కల్లో క్రోమోజోముల సంఖ్యని రెట్టింపు చేయొచ్చని 1937లో బ్లేక్‌స్లీ, ఏవరీ చూపించారు. ప్రయోగశాలలో మందు పెట్టి చేసిన ఆ పనినే నక్కవుల్లి కొండల మీద తనంతట తాను చేసుకుంది. నాకు ఈ పని మీద ఇష్టం కుదిరింది ఇది అర్థమైన రోజునే.

తర్వాత మూడు వంతుల ఆల్కహాల్, ఒక వంతు గ్లేసియల్ అసిటిక్ ఆసిడ్ కలిపిన ద్రావణంలో రాత్రంతా. అక్కడితో కణం ఎలా ఉన్నది అలా స్థిరపడిపోతుంది. మర్నాడు 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే తీరిక ఉన్నప్పుడు చూసుకోవచ్చు. రంగుకి మేం వాడింది అసిటో ఆర్సీన్, తొమ్మిది వంతుల రంగులో ఒక వంతు 1 నార్మల్ (1N) గాఢత ఉన్న హైడ్రోక్లోరిక్ ఆసిడ్. కలకత్తాలో అరుణ్ కుమార్ శర్మ, అర్చనా శర్మ దంపతుల దగ్గర నుంచి దేశమంతా పాకిన పద్ధతుల్లో ఇదొకటి. వాచ్‌గ్లాసులో వేసి స్పిరిట్ దీపం మీద కొన్ని సెకన్లు వేడి చేయాలి. పొగ రావాలి, మరగకూడదు. మరిగితే కణాలు గట్టిపడి నొక్కినా పరుచుకోవు.

ఆ తర్వాతది చేతి పని, ఏ పుస్తకమూ నేర్పలేనిది. స్లైడు మీద 45 శాతం అసిటిక్ ఆసిడ్ చుక్క, అందులో రంగు బాగా పట్టిన చివరి ముక్క మాత్రం బ్లేడుతో కోసి వేసి, మీద కవర్‌స్లిప్. పెన్సిల్ వెనక వైపుతో మెల్లగా తడుతూ ఉంటే ముక్క మేఘంలా విచ్చుకుంటుంది. అప్పుడు బ్లాటింగ్ పేపరు మడిచి పైన పెట్టి బొటనవేలితో తిన్నగా కిందికి నొక్కాలి. వేలు ఒక్క వెంట్రుకవాసి పక్కకి జరిగినా కణాలు చుట్టుకుపోతాయి. మా ల్యాబ్‌లో సీనియర్ అక్క నా వేలు మీద తన వేలు పెట్టి ఆ బరువు ఎంతో చూపించింది. అది ఇప్పటికీ నా చేతికి గుర్తుంది, ఇప్పుడు నా జూనియర్లకి నేనూ అలాగే నేర్పుతున్నాను.

చిన్న లెన్సు కింద ముందు అంతా లేత గులాబీ చుక్కలు. వాటిలో ఒకచోట ముదురు ఊదా ముద్ద కనిపిస్తే అక్కడ ఆగి, నూనె చుక్క వేసి 100 లెన్సు దించాలి. ఫోకస్ మెల్లగా తిప్పుతుంటే ఆ ముద్ద విడిపోయి ఒక్కొక్కటిగా తేలుతుంది. నక్కవుల్లి క్రోమోజోములు పెద్దవి, అందుకే ఈ పనికి కొత్తవాళ్లకి కూడా బాగుంటుంది. కొన్ని పొడుగ్గా, ఒక చేయి చిన్నదిగా, ఇంకో చేయి పెద్దదిగా వంగి ఉంటాయి. కొన్ని పొట్టివి. మొదటి గుంపు దుంపల్లో ఇరవై వచ్చాయి. కాగితం మీద గీసుకుని, ఒక్కోదానికి నంబరు వేసి, పొడవును బట్టి జతలు కట్టి చూస్తే పది జతలు. అంటే పదేసి క్రోమోజోముల సెట్లు రెండున్న డిప్లాయిడ్ అన్నమాట.

ఇంకో గుంపు, మొదటిదానికి ఎంతో దూరం కాని చోటుది, కుండీలో చూడటానికి అచ్చం అలాగే ఉంది. దాని మొదటి మంచి కణంలో నాకు 30 వచ్చాయి. సార్‌ని పిలిచాను. ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని చాలాసేపు చూశారు. "బాగుంది. అయితే ఒక్క కణం మాటకి విలువ లేదు. వేరే వేరు, వేరే దుంప, వేరే రోజు చూపించు. అప్పుడు రాద్దాం" అన్నారు. వేరులో అక్కడక్కడ ఒక కణం తన సంఖ్య మార్చుకునే అవకాశం ఉంటుంది, నొక్కినప్పుడు పక్క కణం నుంచి రెండు మూడు వచ్చి కలవొచ్చు, ఒకటి రెండు జారిపోవచ్చు. అందుకని ఆ తర్వాత నెలల తరబడి ఇదే పని. ఫలితం మారలేదు. ఆ గుంపులో ఏ దుంప చూసినా 30, మూడేసి కలిపితే పది వరసలు. మూడు సెట్లున్న ట్రిప్లాయిడ్ అన్నమాట. మరింత దూరంలోని ఒక గుంపులో 40 వచ్చాయి, అంటే నాలుగు సెట్లు.

ఇంత కష్టం ఎందుకు, ఆకుల మీద రంధ్రాలు కొలిస్తే తెలిసిపోదా అని చాలామంది అడిగారు. సెట్లు పెరిగితే కణాలు పెద్దవవుతాయి, పత్రరంధ్రాల రక్షక కణాలు కూడా పెద్దవవుతాయి. అది నిజమే. నేనూ గోళ్ల రంగు పూసి, ఆరాక ఒలిచి, ఆ ముద్రల్ని కొలిచాను. 20 క్రోమోజోములున్న దుంపలకీ 40 ఉన్నవాటికీ తేడా తెలిసింది. 30 ఉన్నవి మాత్రం అటు కొంత, ఇటు కొంత కలిసిపోయాయి. గుంపుని తొందరగా అంచనా వేయడానికి కొలత పనికొస్తుంది, తీర్పు చెప్పడానికి క్రోమోజోముల్ని లెక్కపెట్టాల్సిందే.

సంఖ్య దొరకడంతో పని అయిపోలేదు. ఆ 30 అన్నది మొక్క బతుకులో ఏం చేస్తోందో వేరులో తెలియదు, మొగ్గలో తెలుస్తుంది. పుప్పొడి తయారయ్యేటప్పుడు క్రోమోజోములు జతకట్టి, సగం సగంగా విడిపోవాలి. ఆ దశ పట్టుకోవడానికి తరువాతి వేసవి దాకా ఆగాను. పూకాడ మీద కింది మొగ్గలు ముందు విచ్చుతాయి, పైవి తర్వాత. అందువల్ల ప్రతి కాడ మీదా ఎక్కడో ఒకచోట సరైన వయసు మొగ్గలు ఉంటాయి. కింది నుంచి పైకి వరసగా కోసి, అదే వరసలో సీసాల్లో వేసుకుని, ఒక్కో మొగ్గలో పుప్పొడి తయారయ్యే పరాగకోశాన్ని అసిటోకార్మిన్ రంగులో చిదిమి చూడటమే మార్గం.

20 ఉన్న దుంపల్లో పది జతలు చక్కగా నడిమికి వచ్చి నిలబడ్డాయి. పదీ అటు, పదీ ఇటు. అదే 30 ఉన్న దుంపల్లో చూస్తే కోలాటంలో జతలు కట్టమంటే ప్రతిచోటా ముగ్గురేసి మిగిలినట్టు ఉంది. కొన్నిచోట్ల మూడూ కలిసి ఒకే గొలుసు, కొన్నిచోట్ల రెండు జతకట్టి మూడోది ఒంటరిగా దూరంగా. విడిపోయే వేళకి ఆ ఒంటరివి ఏ వైపు పోవాలో తేలక నడిమధ్యలోనే ఆగిపోయాయి. అలాంటి కణం నుంచి వచ్చే పుప్పొడిలో ఒకదానికి పదకొండు, ఇంకోదానికి పదిహేడు, ఇలా చేతికొచ్చినన్ని. పూర్తి సెట్టు ఏదీ కాదు. విచ్చిన పువ్వు నుంచి పుప్పొడి తీసి రంగు పెట్టి చూస్తే, డిప్లాయిడ్‌లో రేణువులు నిండుగా ఎర్రగా ఉంటే, ట్రిప్లాయిడ్‌లో ఎక్కువ భాగం ముడుచుకుపోయి, రంగు పట్టకుండా, ఒకటి చిన్నది ఒకటి పెద్దదిగా కనిపించాయి. కాయలు కూడా అంతే. మొదటి గుంపులో కాయ పగిలితే పలచటి నల్లటి విత్తనాలు గాలికి లేచిపోయేవి. 30 క్రోమోజోముల గుంపులో కాయలు పసిగానే వాడి రాలిపోయాయి.

అయినా ఆ గుంపు గుట్ట మీద పచ్చగా, దట్టంగా ఉంది. విత్తనం లేకపోయినా దుంప పక్కన పిల్ల దుంపలు పుడతాయి. ఊడిన పొర ముక్క నుంచి కూడా కొత్త దుంప రాగలదు. అంటే ఆ వాలు మీద నేను చూసిన వందల మొక్కలు చాలావరకు ఒకే మొక్క విస్తరణ అయి ఉండొచ్చు.

నా థీసిస్‌లో నేను అన్నిటికన్నా గట్టిగా వాదించింది ఈ విషయం మీదే. క్రోమోజోమ్ సంఖ్య జాతికి చెందినది కాదు, ఆ గుంపుకి చెందినది. పేరు పక్కన సంఖ్య రాసేటప్పుడు ఎక్కడి దుంప అన్నది రాయకపోతే ఆ సంఖ్యతో ఏ పనీ జరగదు. మందు చేసేవాళ్లకీ ఇది అవసరమే. ఇండియన్ స్క్విల్ అని కూడా పిలిచే మన నక్కవుల్లిలో వేర్వేరు క్రోమోజోమ్ రకాల దుంపల్లో గుండె మీద పనిచేసే పదార్థాల్ని ఝా, సేన్ 1981లోనే పోల్చి చూశారు. అన్ని గుంపుల దుంపలూ ఒక గోతంలో కలిపి ఎండబెడితే మోతాదు లెక్క ఎవరు చెప్పగలరు? ఇక తవ్వకం సంగతి. 20 క్రోమోజోముల గుంపులో పెద్ద దుంపల్ని తవ్వుకుపోయినా నేలలో రాలిన విత్తనం నుంచి కొన్నేళ్లకి మళ్లీ లేవచ్చు. 30 ఉన్న గుంపులో ఆ ఆధారం లేదు. అక్కడ దుంపలు పోతే ఆ గుంపు ఇక లేనట్టే. అంతరించే మొక్కల జాబితాలు చాలావరకు జాతి పేరుతోనే ఉంటాయి. నక్కవుల్లి చాలాచోట్ల దొరుకుతుంది కాబట్టి దాని గురించి ఎవరికీ టెన్షన్ లేదు. ఒక గుంపు పోయిందన్న సంగతి అలాంటి జాబితాలో పడదు. నాకు మాత్రం ఆ గుంతల్ని చూసినప్పుడు కడుపు తరుక్కుపోయింది.

ఒక సమీక్షలో, ఇంత పాత పద్ధతి ఎందుకు, మిషన్‌లో డీఎన్ఏ కొలిచేస్తే అయిపోయేది కదా అన్నారు. ఆ యంత్రం మాకు అందుబాటులో ఉంటే సంతోషంగా వాడేదాన్ని. రోజుకి ఎన్నో ఆకుల్ని చూడొచ్చు. కానీ అది ఒక కణంలో డీఎన్ఏ ఎంత ఉందో చెబుతుంది, ఎన్ని ముక్కలుగా ఉందో చెప్పదు. సంఖ్య తెలిసిన దుంప ఒకటి పక్కన లేకపోతే ఆ కొలతని దేనితో పోల్చాలి? రెండూ కావాలి. ఇలా వేలితో నొక్కి కణాల్ని పరిచే పని, స్క్వాష్ చేయడం, వచ్చినవాళ్లు తగ్గిపోతున్నారు, అది నాకు బాధగా ఉంది.

ఇప్పుడు నా ముందున్న ప్రశ్న ఒక్కటే, ఈ 30 ఎలా వచ్చింది? రెండు దారులున్నాయి. 20 ఉన్న మొక్కలోనే ఎప్పుడో ఒక పుప్పొడి రేణువో అండమో సగం కాకుండా ఇరవైకి ఇరవై అలాగే వచ్చి, పది ఉన్నదానితో కలిసి ఉండొచ్చు. లేదా 40 ఉన్న గుంపు పువ్వుకీ, 20 ఉన్న గుంపు పువ్వుకీ ఎక్కడో కలయిక జరిగి ఉండొచ్చు. రెండో దారే నిజమైతే ఆ రెండు గుంపులూ పక్కపక్కనే పూసే చోటు ఒకటి ఎక్కడో ఉండాలి, కనీసం ఒకప్పుడు ఉండి ఉండాలి. మా కుండీల్లో 20కీ 40కీ చేత్తో సంకరం చేసి, వచ్చిన విత్తనాలు నాటాం. మొలకలు సన్నగా గడ్డిపరకల్లా లేచాయి. వాటి వేళ్లు కోసేంత పెద్దవి కావడానికి ఇంకో వానాకాలం పడుతుంది. ఈలోగా వేసవిలో ఆ మధ్య గుట్టల వరస మొత్తం నడిచి చూడాలి, అనుమతి కోసం దరఖాస్తు పెట్టాను.